ఓత్రీబీ ఎంపవర్ శాటిలైట్ నెట్: ఓడలో రోజూ వాడేవాడి రివ్యూ (3.5/5)

శాటిలైట్ ఇంటర్నెట్ అంటే ఇప్పుడు అందరికీ స్టార్‌లింక్ ఒక్కటే, మొన్న ఒక గ్రూపులో అయితే ఒకాయన స్టార్‌లింక్ రాకముందు సముద్రంలో నెట్టే లేదని ధీమాగా రాసేశాడు, కింద లైకుల వర్షం. అయ్యా బాబూ, ఉంది, 2014 నుంచి ఓడల మీద మంచి నెట్టే ఉంది, దాన్ని మోసింది ఓత్రీబీ అనే శాటిలైట్లు, ఇప్పుడు వాటి కొత్త తరం పేరు ఓత్రీబీ ఎంపవర్. దాని గురించి తెలుగులో ఎక్కడా ఒక ముక్క కనపడలేదు కాబట్టి నేనే రాసేస్తున్నా.

నాది విశాఖ, ప్యాసింజర్ షిప్పుల్లో ఐటీ ఆఫీసర్‌గా చేస్తుంటా, అంటే పై డెక్ మీద డోముల్లో ఉన్న యాంటెన్నాల దగ్గర్నుంచి కింద క్రూ మెస్‌లో వైఫై రావట్లేదని తిట్లు తినడం దాకా అన్నీ మన ఖాతాలోవే. ఈ రివ్యూకి నాకు ఎవరూ డబ్బులివ్వలేదు, అంత సీను మనకి లేదు. ఇంకోటి ముందే చెప్పేస్తా, ఇది షాపుకెళ్లి డబ్బా కొనుక్కుని డాబా మీద బిగించుకునే సరుకు కాదు, దీన్ని కొనేది ఓడల కంపెనీలు, టెలికాం కంపెనీలు, దీవుల్లోని ప్రభుత్వాలు, మనం వాళ్ల చేతుల మీదుగా వాడతాం అంతే. అయినా రాకెట్ దగ్గర్నుంచి వాట్సాప్ కాల్ దాకా మొత్తం కలిపి ఒక సర్వీసుగానే చూసి మార్కులేస్తా.

ముందు ఎత్తుల సంగతి, ఇది తెలీకపోతే మిగతాదేం అర్థం కాదు. మన ఇళ్ల మీద డీటీహెచ్ గిన్నెలు చూసే శాటిలైట్ ఉంటుంది కదా, అది 35,786 కిలోమీటర్ల పైన, భూమి తిరిగే స్పీడుతోనే తిరుగుతూ ఆకాశంలో ఒకేచోట ఉన్నట్టు కనపడుతుంది, అందుకే గిన్నె ఒకసారి బిగిస్తే చాలు. కానీ అంత ఎత్తుకి సిగ్నల్ వెళ్లి కిందకొచ్చి, అవతలి నుంచి జవాబు మళ్లీ అదే దారిలో రావాలంటే కాంతి వేగంతో పోయినా దగ్గర దగ్గర 480 మిల్లీ సెకన్లు పడుతుంది, మధ్యలో మోడెములు గట్రా కలుపుకుంటే 600 దాటిపోతుంది. స్టార్‌లింక్ అయితే 550 కిలోమీటర్ల దగ్గర తిరుగుతుంది, ఆలస్యం చాలా తక్కువ, కాకపోతే వేల శాటిలైట్లు ఎగరేయాలి. ఓత్రీబీ వాళ్లు ఈ రెండింటి మధ్యలో 8,062 కిలోమీటర్ల దగ్గర, సరిగ్గా భూమధ్యరేఖ మీద పెట్టారు, దీన్నే మీడియం ఎర్త్ ఆర్బిట్, పొట్టిగా మియో అంటారు. లెక్క కడితే పోయిరావడానికి ఎంత తక్కువన్నా 108 మిల్లీ సెకన్లు, మా ఓడలో చూస్తే 150 చుట్టుపక్కల ఉంటుంది పింగ్.

150కీ 600కీ తేడా కాగితం మీద చూస్తే ఏముందిలే అనిపిస్తుంది, ఫోన్లో మాట్లాడితే గానీ తెలీదు. పాత ఓడలో మేం ఇంటికి ఫోన్ చేస్తే ఇద్దరం ఒకేసారి మాట్లాడేసేవాళ్లం, ఇద్దరం ఒకేసారి ఆగిపోయేవాళ్లం, "చెప్పమ్మా" "నువ్వు చెప్పురా" "లేదు నువ్వే చెప్పు" దీంతోనే కార్డులో నిమిషాలు అయిపోయేవి. మియో ఓడకి మారాక ఆ గోల పోయింది. ఇక్కడ ఇంకో విషయం కూడా ఉంది, కరేబియన్‌లో ఉన్న ఓడ నుంచి ఇండియాకి మాట్లాడితే శాటిలైట్ ఆలస్యం ఒక్కటే కాదు, అమెరికాలో నేల మీదకి దిగాక అక్కణ్ణుంచి సముద్రం కేబుళ్లలో ఇండియా దాకా పోయి రావడానికి ఇంకో పావు సెకను పైనే కలుస్తుంది. అంటే మియోలో మొత్తం 400 దగ్గర తేలుతుంది, పాత పద్ధతిలో అయితే 850. అమెరికా వాడు అమెరికాకి చేసుకునే కాల్‌లో 600 ఎలాగోలా ఓర్చుకోవచ్చు, మనలాగా భూగోళానికి అవతలి పక్కన ఇల్లున్నోడికి మాత్రం ఆ తగ్గిన అర సెకనే ప్రాణం.

ఇక రాకెట్ల కథ, నాకు బాగా ఇష్టమైన భాగం కాబట్టి కొంచెం లాగుతా, బోరు కొడితే కింద ఓడ దగ్గరికి దూకేయండి.

గ్రెగ్ వైలర్ అనే ఆయన 2007లో ఈ కంపెనీ పెట్టాడు, కేబుల్ చేరని మిగతా 300 కోట్ల మందికి నెట్ ఇస్తానని, పేరు కూడా దాని మీదే పెట్టుకున్నాడు, అదర్ త్రీ బిలియన్, పొట్టిగా ఓత్రీబీ. గూగుల్, హెచ్ఎస్‌బీసీ, ఎస్ఈఎస్ లాంటి వాళ్లు డబ్బులు పెట్టారు, చివరికి 2016లో లక్సెంబర్గ్ కంపెనీ ఎస్ఈఎస్ మొత్తం కొనేసుకుంది. మొదటి తరం శాటిలైట్లు థాలెస్ అలేనియా స్పేస్ వాళ్లు చేశారు, ఒక్కోటి 700 కిలోలు, నాలుగేసి చొప్పున రష్యా సోయుజ్ రాకెట్లో ఎక్కించి ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి పంపారు. రష్యా రాకెట్ దక్షిణ అమెరికాలో ఎందుకు అని అడగొచ్చు, కూరూ భూమధ్యరేఖకి 5 డిగ్రీల దూరంలోనే ఉంది, ఈ శాటిలైట్లు తిరిగేది సరిగ్గా ఆ రేఖ మీదే, కాబట్టి దారి మళ్లించడానికి ఇంధనం పెద్దగా తగలెయ్యక్కర్లేదు. పైన ఫ్రెగాట్ అనే స్టేజి ఉంటుంది, అది ఆగుతూ మళ్లీ వెలిగించుకుంటూ 8 వేల కిలోమీటర్లకి తీసుకెళ్లి జంటలు జంటలుగా వదిలేస్తుంది, ఈ తతంగమంతా రెండు గంటల పైన పడుతుంది. స్టార్‌లింక్ లాంచ్‌లు చూసి అలవాటైనోళ్లకి ఇది చాలా నెమ్మది అనిపిస్తుంది గానీ దింపాల్సిన చోటికి తిన్నగా దింపేయడంలో సోయుజ్ భలే పని చేసింది, శాటిలైట్ సొంత ఇంధనం ఎక్కువ ఖర్చు పెట్టుకోకుండానే డ్యూటీలోకి దిగిపోయేది.

మొదటి నాలుగు 2013 జూన్ 25న పోయాయి. వెంటనే సెప్టెంబర్లో ఇంకో నాలుగు పోవాల్సింది, ఈలోగా పైనున్న వాటిలో ఒక పార్టులో తేడా బయటపడింది, కింద రెడీగా ఉన్నవాటిని మళ్లీ విప్పి సరిచేసి పంపేసరికి 2014 జూలై 10 అయింది. అదే ఏడాది డిసెంబర్ 18న మరో నాలుగు, తర్వాత 2018 మార్చిలో నాలుగు, 2019 ఏప్రిల్లో నాలుగు, అక్కడితో మొత్తం 20. పసిఫిక్‌లో కుక్ ఐలాండ్స్ టెలికాం వాళ్లు మొదటి కస్టమర్లలో ఒకళ్లు, అక్కడికి సముద్రం కేబుల్ 2020లో వచ్చింది, అంటే అన్నేళ్లు ఆ దీవుల నెట్ భారం ఎక్కువగా వీటి మీదే పడింది. పలావ్ దేశానిదీ ఇదే కథ, 2017లో కేబుల్ వచ్చేదాకా దీని మీదే నడిచారు. దీవులకి ఇది చేసినంత మేలు ఇంకే శాటిలైట్టూ చేయలేదని నా అభిప్రాయం, ఎవరైనా కాదంటే కామెంట్లలో వాదించుకుందాం.

రెండో తరం దగ్గరే కథ మలుపు తిరిగింది. ఎంపవర్ శాటిలైట్లని 2017లో బోయింగ్‌కి ఆర్డర్ ఇచ్చారు, మొదట ఏడు, 2020లో ఇంకో నాలుగు కలిపారు. పాతవాటికి ఒక్కో దానికి తిరిగే యాంటెన్నాలు 12 ఉండేవి, రెండు గేట్‌వేలకి, అంటే నేల మీద నెట్‌తో కలిపే స్టేషన్లకి పోను పది చోట్లకే బీమ్ వేయగలిగేవి, ఒక్కో బీమ్ నేల మీద 700 కిలోమీటర్ల వెడల్పు. కొత్తవి డిజిటల్‌గా బీములు తయారు చేసుకుంటాయి, ఒక్కో శాటిలైట్‌కి 5 వేల పైన బీములని కంపెనీ లెక్క, ఓడ ఎటు పోతే అటు సన్నటి బీమ్ దాన్ని పట్టుకునే పోతుంది, అవసరాన్ని బట్టి ఒక ఓడకి ఎక్కువ, ఇంకో ఓడకి తక్కువ ఇవ్వొచ్చు. నాలాంటోడికి ఇదే పెద్ద పండగ, ఎందుకంటే రేవులో ఉన్నప్పుడు జనాలు ఊరు చూడ్డానికి దిగిపోతారు, నెట్ ఖాళీ, అదే సీ డే, అంటే ఏ రేవులోనూ ఆగకుండా రోజంతా సముద్రంలోనే ఉండే రోజు సాయంత్రం అయితే ఓడలో ఉన్న వేల మందీ ఒకేసారి వీడియోలు పెడతారు.

వీటిని ఎగరేసింది స్పేస్ఎక్స్ ఫాల్కన్ 9. స్టార్‌లింక్ ఓనరే పోటీ కంపెనీ శాటిలైట్లని డబ్బులు తీసుకుని మోసుకెళ్లాడన్నమాట, వ్యాపారం అంటే అది. 2022 డిసెంబర్ 16న మొదటి రెండు, 2023 ఏప్రిల్ 28న రెండు, 2023 నవంబర్ 12న రెండు, 2024 డిసెంబర్ 17న రెండు, 2025 జూలై 22న రెండు, మొత్తం 10, అన్నీ ఫ్లోరిడా తీరం నుంచే. ఒక ఫాల్కన్‌లో స్టార్‌లింక్‌లు 20 పైన పడుతుంటే వీటిని రెండేసి చొప్పునే ఎందుకు పంపారంటే, ఒకటి ఇవి బాగా పెద్దవి, రెండు పోవాల్సింది 8 వేల కిలోమీటర్లు, మూడోది ఫ్లోరిడా 28 డిగ్రీల ఉత్తరాన ఉంది, అక్కణ్ణుంచి భూమధ్యరేఖ లైనులోకి తిప్పుకోవాలంటే రాకెట్‌కి చాలా ఇంధనం ఖర్చు. కూరూ నుంచి అయితే ఆ మూడో గొడవ లేదు గానీ యుద్ధం మొదలయ్యాక 2022లో రష్యా వాళ్లు కూరూ నుంచి సర్దుకుని వెళ్లిపోయారు, ఆ దారి ఎలాగూ మూసుకుపోయింది.

ఫ్లోరిడాలోని పోర్ట్ కెనావరల్‌లో మా ఓడ ఆగే టెర్మినల్‌కి అవతల ఒడ్డునే స్పేస్ఎక్స్ వాళ్ల రేవు ఉంటుంది. బూస్టర్, అంటే రాకెట్ కింది భాగం, సముద్రంలో బార్జి మీద దిగుతుంది, తర్వాత దాన్ని టగ్గులు మెల్లగా లాక్కొస్తాయి. ఒకసారి పొద్దున్నే మేం కట్టేసుకుంటున్న టైముకి బూస్టర్ వచ్చింది, నిలబెట్టే తెచ్చారు, పదిహేనంతస్తుల మేడంత పొడుగు, కింద సగం మసి పట్టేసి నల్లగా ఉంది, పైన మాత్రం కొంచెం తెల్లగానే మిగిలింది, నాలుగు కాళ్లూ చాపుకుని డెక్ మీద అలా నించుంది. మా ప్యాసింజర్లు బ్రేక్‌ఫాస్ట్ ప్లేట్లు పట్టుకుని రెయిలింగ్ దగ్గరికి పరిగెత్తారు, అందరూ ఒకేసారి లైవ్ పెట్టేసరికి నా స్క్రీన్ మీద అప్‌లోడ్ గ్రాఫ్ గోడెక్కింది. రాకెట్ పంపిన శాటిలైట్ల మీదుగానే ఆ రాకెట్ వీడియోలు పోతున్నాయని అక్కడ ఎవరికీ పట్టలేదనుకోండి.

లాంచ్ సర్వీసు వరకు చూస్తే 5కి 4.5 ఇస్తా, ఐదు సార్లకి ఐదు సార్లూ సరిగ్గా పోయాయి, బూస్టర్లు తిరిగొచ్చాయి. ఆలస్యమంతా రాకెట్ పైకి పోయాక మొదలవుద్ది. రాకెట్ వీటిని వదిలేసిన చోట్నుంచి అసలు కక్ష్యకి పోడానికి ఇవి కరెంటుతో నడిచే థ్రస్టర్లు వాడతాయి, ఇంధనం తక్కువ తాగుతాయి గానీ తోపు మరీ మెత్తగా ఉంటుంది, నెలల తరబడి తోస్తూనే ఉండాలి. లాంచ్ రోజు యూట్యూబ్‌లో చప్పట్లు కొట్టి, ఇంక వచ్చే వారం నెట్ అదిరిపోద్ది అనుకున్నోళ్లు మా ఓడలోనే చాలామంది ఉన్నారు, వాళ్లకి సర్దిచెప్పలేక నా తల ప్రాణం తోకకొచ్చింది.

అది చాలదన్నట్టు 2023లో ఇంకో దెబ్బ. మొదటి నాలుగు శాటిలైట్లలో పవర్ మాడ్యూళ్లు ఉన్నట్టుండి ట్రిప్ అవుతున్నాయని కంపెనీనే బయటపెట్టింది, వాటి కెపాసిటీ, ఆయుష్షు అనుకున్నదాని కంటే తగ్గుతాయని చెప్పి, ఏడో దాని నుంచి డిజైన్ మార్చి, మొత్తం 11 కాస్తా 13 చేశారు. కమర్షియల్ సర్వీసు 2024 ఏప్రిల్లో మొదలైంది. 2017లో ఆర్డర్, 2024లో సర్వీసు. ఈలోపు స్టార్‌లింక్ వాడు సున్నా నుంచి మొదలెట్టి వేలల్లో ఎగరేసేశాడు, అందుకే ఈ భాగానికి 2 మార్కుల కంటే ఎక్కువ ఇవ్వడానికి మనసొప్పట్లేదు. ఒక శాటిలైట్‌లో తప్పు దొరికితే తక్కువ ఎత్తు వాళ్లు తర్వాతి నెల బ్యాచ్‌లో సరిచేసి పంపేస్తారు, పాతది దానంతటదే కిందపడి కాలిపోతుంది. 8 వేల కిలోమీటర్ల పైన పెట్టినోళ్లకి ఆ సౌకర్యం లేదు, అక్కడ భూమి చుట్టూ ఉండే వాన్ అలెన్ పట్టీల రేడియేషన్ కూడా గట్టిగానే ఉంటుంది కాబట్టి చవక సామాను పెట్టడానికి లేదు, పెట్టింది ఏళ్ల తరబడి పని చేయాల్సిందే.

సరే, ఇప్పుడు ఓడ మీదకొద్దాం.

ఈ శాటిలైట్లు భూమి చుట్టూ ఒక రౌండు కొట్టడానికి దాదాపు 288 నిమిషాలు పడుతుంది, భూమి కూడా తిరుగుతుంది కాబట్టి మనకి కనపడే లెక్కలో ఒక్కోటి ఆరు గంటలకోసారి నెత్తి మీదుగా పోతుంది, పడమర నుంచి తూర్పుకి. అంటే యాంటెన్నా దాని వెంట తిరుగుతూనే ఉండాలి, అది దిగిపోయే లోపు ఇంకోదాన్ని పట్టుకోవాలి. అందుకే ఓడ మీద కనీసం రెండు డోములు కావాలి, ఒక యాంటెన్నా దిగిపోయేదాన్ని పట్టుకుని ఉండగానే రెండోది ఎక్కి వచ్చేదాన్ని పట్టుకుంటుంది, ఆ లింకు కుదిరాకే మొదటిది వదులుతుంది. ఒక బస్సు దిగకముందే ఇంకో బస్సు మెట్టు మీద కాలు పెట్టినట్టు. అన్నీ బాగుంటే కాల్ మధ్యలో ఇది జరిగినా మాట్లాడేవాళ్లకి తెలీదు. బాగోకపోవడం ఎప్పుడంటే, ఓడ తిరిగిన దిక్కుని బట్టి పొగగొట్టమో మాస్టో ఒక యాంటెన్నాకి సరిగ్గా అడ్డం వచ్చినప్పుడు, అప్పుడు రెండోదాని మీదే బండి నడవాలి, సరిగ్గా అదే టైముకి చేతులు మారాల్సొస్తే ఒక్క క్షణం అంతా ఆగిపోద్ది. కెప్టెన్ దగ్గరికెళ్లి సార్ ఓడని కాస్త అటు తిప్పండి అని అడగలేం కదా.

వాన ఇంకో శత్రువు. ఇవి కేఏ బ్యాండులో పనిచేస్తాయి, ఆ ఫ్రీక్వెన్సీకి పెద్ద వాన పడితే సిగ్నల్ నీరుగారిపోతుంది, కరేబియన్‌లో సాయంత్రం పూట మబ్బు పట్టిందంటే నేను ముందే కాఫీ తెచ్చుకుని స్క్రీన్ ముందు కూర్చుంటా. మోడెం స్పీడు తగ్గించుకుని లింకు నిలబెట్టడానికి చూస్తుంది, చాలాసార్లు నిలబడుతుంది కూడా, స్పీడు పోద్ది గానీ మొత్తం తెగిపోవడం తక్కువ.

అన్నిటికంటే పెద్ద లోటు రూటుది. శాటిలైట్లు భూమధ్యరేఖ మీదే ఉన్నాయి కాబట్టి ఉత్తరానికి పోయేకొద్దీ అవి దక్షిణం వైపు కిందకి జారిపోతుంటాయి. విశాఖలో నించుని చూస్తే తిన్నగా దక్షిణాన వచ్చేసరికి 59 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, బ్రహ్మాండం, కరేబియన్లోనూ అంతే. అదే అలాస్కాలో జూనో రేవుకి లెక్క కట్టి చూడండి, 6 డిగ్రీలే వస్తుంది, అక్కడేమో చుట్టూ కొండలు, ఇంకేం కనపడుద్ది. 64 డిగ్రీల ఉత్తరం దాటితే లెక్క ప్రకారమే అసలు కనపడదు, నార్వే పై భాగాలకి పోయే ఓడలకి ఇది పనికిరాదు. ఎండాకాలంలో ఓడల కంపెనీలన్నీ అలాస్కాకీ నార్వేకీ ఎగబడతాయి, కాబట్టి ఇది చిన్న లోటు అని కొట్టిపారేయడానికి లేదు.

స్టార్‌లింక్‌తో పోల్చమని ఎలాగూ అడుగుతారు. పింగ్‌లో స్టార్‌లింక్ ముందు ఇది నిలవదు, యాంటెన్నా సైజులో అస్సలు నిలవదు, వాడిది పల్చటి పలక, ఇద్దరు మోసుకెళ్లి బిగించేయొచ్చు, దీనిదేమో క్రేన్ పెట్టి ఎక్కించాల్సిన డోము. రాయల్ కరేబియన్ అనే క్రూజ్ కంపెనీ వాళ్లు 2014లో ఓత్రీబీని పెద్ద ఎత్తున పెట్టి, మా ఓడలో నెట్టే గొప్ప అని ఊరంతా డప్పు కొట్టారు, వాళ్లే 2022లో స్టార్‌లింక్ పెట్టుకోవడం మొదలెట్టారు. 2023 వచ్చేసరికి ఎస్ఈఎస్ వాళ్లే ఎంపవర్‌నీ స్టార్‌లింక్‌నీ కలిపి ఒకే ప్యాకేజీగా క్రూజ్ కంపెనీలకి అమ్మడం మొదలుపెట్టారు, పోటీవాడి సరుకు తన కొట్లో పెట్టుకుని అమ్మడం అంటే తన సరుకు ఒక్కటే చాలట్లేదని ఒప్పుకున్నట్టే కదా. అయితే రెండూ పక్కపక్కన నడిపే నాలాంటోడు చూసేది వేరే ఉంది. వేల మంది ఒక్కచోట పోగయ్యే ఓడకి, ఇంత స్పీడు ఖాయంగా ఇస్తాం అని రాతపూర్వకంగా మాట ఇచ్చే లింకు ఒకటి ఉంటే ధైర్యం వేరు. రేవులో అయిదారు పెద్ద ఓడలు పక్కపక్కన నిలబడినప్పుడు అందరూ పంచుకునే లింకు నీరసపడుతుంది, మాకోసం విడిగా పెట్టిన బీమ్ మీద ఆ ఇబ్బంది తక్కువ. బిల్లింగు, క్యాసినో, డాక్టర్ గారి వీడియో కన్సల్టేషను, ఇవన్నీ నేను మియో మీదే పెడతా, రీల్స్ చూసుకునేవాళ్లని స్టార్‌లింక్ వైపు తోలేస్తా.

క్రూ మాటల్లో చెప్పాలంటే, గ్యాలీలో, అంటే ఓడ వంటింట్లో చేసే శ్రీకాకుళం కుర్రాడొకడు ఉన్నాడు, పెళ్లయి ఎన్నాళ్లో కాలేదు, వాడికి నెట్ ఒక్కటే దిక్కు. ఓ రాత్రి డ్యూటీ దిగి నా దగ్గరికొచ్చి, "ఏటన్నా, ఇయాల నెట్ గుర్రంలాగ పరిగెడతంది, ఏటి సేసినావు" అన్నాడు. ఏం చేయలేదురా, ప్యాసింజర్లంతా షోకి పోయారు, మీ డెక్కుకి కొంచెం వదిలా అన్నాను. "మరి రోజూ అలాగే వదలకూడదేటి" అన్నాడు. వాడన్నదాంట్లో న్యాయం ఉంది, ఎందుకు వదలమంటే పైన శాటిలైట్ ఎంత ఇచ్చినా కింద ఎవరికి ఎంత పోవాలన్నది ఓడ కంపెనీ పెట్టిన ప్యాకేజీలు తేలుస్తాయి. ఏ కంపెనీ అని అడక్కండి, చెప్పను, నేను చేసినచోట్ల ఒకచోట అయితే క్రూకి అమ్మే ప్యాకేజీ రేటు చూస్తే కడుపు మండేది, నెలంతా వంటింట్లో చెమటోడ్చినోడి జీతంలో ఫోన్ మాట్లాడుకోడానికే ఓ ముక్క పోయేది, పైగా వీడియో కాల్ బ్లాక్. దాన్ని తిట్టుకునేవాళ్లు శాటిలైట్‌నే తిట్టుకునేవాళ్లు, పాపం దానికేం తెలుసు. ధర విషయంలో నా మార్కులు 2, అందులోనూ తప్పు ఎవరిది ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

మన దేశం సంగతి కూడా చెప్పాలి, దీనికీ మనకీ నిజంగానే సంబంధం ఉంది. జియో వాళ్లూ ఎస్ఈఎస్ వాళ్లూ 2022 ఫిబ్రవరిలో 51, 49 వాటాలతో జాయింట్ వెంచర్ పెట్టుకున్నారు, 2023 అక్టోబర్లో ఢిల్లీ ఇండియా మొబైల్ కాంగ్రెస్‌లో జియో స్పేస్‌ఫైబర్ అని చూపించింది ఈ మియో శాటిలైట్ల మీదే. అప్పుడు నాలుగు మారుమూల చోట్లని కలిపామని చెప్పారు, గుజరాత్‌లో గిర్, ఛత్తీస్‌గఢ్‌లో కోర్బా, ఒడిశాలో నబరంగ్‌పూర్, అస్సాంలో జోర్హాట్ ఓఎన్‌జీసీ. నబరంగ్‌పూర్ అంటే మనకి దూరమేం కాదు, విజయనగరం నుంచి సాలూరు ఘాటీ ఎక్కి అలా పోతే వచ్చేదే, అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు కూడా ఉంటారు. 2024లో అంతరిక్ష రంగానికి అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఇన్‌స్పేస్ నుంచి ఆ జాయింట్ వెంచర్‌కి అనుమతులు కూడా వచ్చాయి.

ఇది చూసి మా బావమరిది, పాడేరులో ఇల్లు కడుతున్నాడు, "బావా మనకీ ఒకటి పెట్టించు" అన్నాడు. ఇంటికి పెట్టించుకునేది కాదురా అది అని చెప్పా. ఏజెన్సీ ఊళ్లకి దీని అసలు ఉపయోగం వేరే ఉంది, కొండ మీద టవర్ వేస్తారు, దానికి ఫైబర్ లాగాలంటే ఘాట్ రోడ్డు పొడవునా తవ్వాలి, తవ్వాక వానాకాలంలో కొండచరియ విరిగిపడితే తెగుద్ది, మళ్లీ తవ్వాలి. ఆ ఫైబర్ బదులు టవర్ పక్కన ఈ యాంటెన్నాలు పెట్టి పైకి కలిపేస్తే, ఊళ్లో జనం మామూలు ఫోన్‌తో మామూలు సిమ్‌తోనే వాడుకుంటారు, ఎవరూ కొత్త డబ్బా కొనక్కర్లేదు. మన అక్షాంశానికి శాటిలైట్ బాగా ఎత్తులో ఉంటుందని పైన చెప్పా కదా, లోయలో ఉన్న ఊరికి కూడా దక్షిణం వైపు నిట్టనిలువు కొండ లేకపోతే కనపడుద్ది. విశాఖ సిటీలో ఫైబర్ ఉన్నోడికి ఇది దండగ, పాడేరు అవతల ఉన్నోడికి మాత్రం ఎవరైనా పెడితే పండగే.

ఎవరికి పనికొస్తుందంటే భూమధ్యరేఖకి అటూఇటూ తిరిగే పెద్ద ఓడలకి, దీవులకి, కేబుల్ చేరని ఊళ్ల టవర్లకి, వీళ్లకి 4 ఇచ్చినా తప్పులేదు. అలాస్కా, నార్వే రూట్లకి 2. చిన్న పడవలకి అసలు వద్దు, ఆ డోములు పెట్టేంత చోటూ ఉండదు, కట్టేంత డబ్బూ ఉండదు. పైన వేసిన మార్కుల్ని కిందామీదా చేసి 3.5 దగ్గర ఆపాను. ప్లాన్ చేసిన 13లో 2025 జూలై నాటికి ఇంకో మూడు మిగిలాయి, సరిచేసిన డిజైన్‌వి ఎక్కువయ్యేకొద్దీ పీక్ టైములో ఊపిరాడాలి, ఆడితే వచ్చి అర మార్కు కలుపుతా.

క్రూజ్ బుక్ చేసుకుంటున్నవాళ్లు ఒక్క పని చేయండి, వైఫై ప్యాకేజీ మొత్తం ట్రిప్పుకి ముందే కొనేయకుండా ఒకరోజుది తీసుకుని సీ డే రోజు రాత్రి భోజనాలయ్యాక ఇంటికి వీడియో కాల్ చేసి చూడండి, అప్పుడు బాగుంటే ఎప్పుడైనా బాగుంటుంది. కొన్నాక మాత్రం దయచేసి ఫోన్లో ఫోటోల ఆటో బ్యాకప్ ఆఫ్ చేసుకోండి, మీ అమ్మాయి పుట్టినరోజు వీడియో నడిసముద్రంలోనే పైకి ఎక్కాల్సిన అర్జెంటేం లేదు.